పిల్లల మెదడు స్టడీకి ఎం.ఆర్.ఐ. తీయించవచ్చా? మా అమ్మాయి అనుభవం

మెదడు ఎదుగుదల మీద జరిగే స్టడీలో మీ తొమ్మిదేళ్ళ బాబుకు ఎం.ఆర్.ఐ. తీస్తామని స్కూలు ద్వారా కాగితం వచ్చిందనీ, రేడియేషన్ అంటే భయంగా ఉందనీ రాశారు. 2017లో మాకూ అలాంటి కాగితమే వచ్చింది. అమెరికాలో 9, 10 ఏళ్ళ పిల్లలు సుమారు 11,800 మందితో మొదలైన ఏబీసీడీ స్టడీ అది. మా అమ్మాయి సరేనంది, చేర్చాం.

రేడియేషన్ ఉండదండీ. ఎక్స్‌రే, సీటీ స్కాన్ వేరు, ఇది వేరు. బలమైన అయస్కాంతం, రేడియో తరంగాలతో పనిచేస్తుంది. మా పాపకు మత్తు ఇవ్వలేదు, ఇంజక్షనూ లేదు. అందుకే అదే పిల్లలను రెండేళ్ళకోసారి మళ్ళీ స్కాన్ చేయగలుగుతున్నారు. 1999లో అమెరికా పరిశోధకుడు జే గీడ్ బృందం 145 మంది పిల్లల్లో కొందరిని ఇలాగే పలుసార్లు స్కాన్ చేసింది. మెదడు ముందు భాగంలో బూడిద రంగు పదార్థం (గ్రే మ్యాటర్, నాడీకణాలు ఎక్కువగా ఉండే పొర) పదకొండు, పన్నెండేళ్ళ దాకా పెరిగి, ఆ తర్వాత మెల్లగా తగ్గుతుందని అప్పుడే తెలిసింది. ఆ తగ్గడం ఎదుగుదలలో భాగమే, జబ్బు కాదు.

అసలు కష్టం కదలకుండా పడుకోవడం. మా పాప మొదటి రోజు ఇరవై నిమిషాలకే "ఇక వద్దు" అంది. వాళ్ళు ఒక్క మాట కూడా అనకుండా ఆపేసి, ఇంకో రోజు రమ్మన్నారు. మిల్లీమీటరులో కొంత భాగం తల కదిలినా లెక్కలు మారిపోతాయట. చిన్నపిల్లల మెదడులో దూరదూరంగా ఉన్న భాగాల మధ్య సంబంధం బలహీనంగా ఉంటుందని అంతకుముందు కొన్ని పరిశోధనలు చెప్పాయి. ఆ తేడాలో కొంత, పిల్లలు పెద్దవాళ్ళకంటే ఎక్కువ కదలడం వల్ల వచ్చిందేనని 2012లో బయటపడింది. ఇది తెలిశాక, పాప కదలకుండా ఉండటమే ఆ స్టడీకి తను చేసే సాయం అనిపించింది.

ఇంట్లో వారం రోజులు ప్రాక్టీసు చేశాం. డైనింగ్ టేబుల్ కింద చాప వేసి, నుదుటి మీద రూపాయి బిళ్ళ పెట్టి, ఫోన్‌లో ఎం.ఆర్.ఐ. చప్పుడు వినిపించేవాళ్ళం. నిజం మిషన్ చప్పుడు చాలా ఎక్కువ, చెవుల్లో ప్లగ్గులు పెడతారు. రెండోసారి అంతా పూర్తి చేసింది. కమ్మలు, పట్టీలు, వెండి మొలతాడు ఇంట్లోనే తీసేయండి. అక్కడ మా పాప కమ్మ శీల బిగుసుకుపోయి పావుగంట తిప్పలు పడ్డాం.

మదనపల్లెలో ఉండే మా మామగారు "పిల్లను ప్రయోగానికి ఇస్తారా అమ్మా" అని ఫోన్‌లో బాధపడ్డారు. బెంగళూరులోని మానసిక, నరాల వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ళు పిల్లల మెదడు మీదే చేసిన సీవేదా స్టడీలో, మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ వైపు పిల్లలు కూడా ఉన్నారని చెప్పాక కొంచెం కుదుటపడ్డారు.

బాబు తెలివితేటల గురించి రిపోర్టు వస్తుందని మాత్రం ఆశపడకండి. వేలమంది స్కాన్లు కలిపి చూస్తేనే ఏదైనా తెలుస్తుంది, ఒక్క పిల్లాడి బొమ్మ చూసి చదువు సంగతి చెప్పలేరు. సంతకం పెట్టేముందు రెండు అడగండి: స్కాన్‌లో అనుకోనిది కనబడితే డాక్టరు చూసి మాకు చెబుతారా? అసలు స్కాన్‌కు ముందు ఉత్తుత్తి మిషన్‌లో పడుకోబెట్టి అలవాటు చేస్తారా? బాబును కూడా విడిగా కూర్చోబెట్టి అడగండి. వద్దంటే వదిలేయండి, మధ్యలో అన్నా సరే.