మా మిద్దె లింటల్ దగ్గర ఎందుకు ఆగిందంటే

యుద్ధంలో లేని దేశాల జనానికి కూడా దానివల్ల నష్టం ఉంటుందా అని అడిగారు. ఇలాంటి ప్రశ్న కనబడగానే అందరూ జీడీపీ, ద్రవ్యోల్బణం అంటూ మొదలుపెడతారు. నాకు అవి రావు. మాది రాజంపేట దగ్గర పల్లె. నాకు తెలిసిన లెక్క మా మిద్దెది.

నాయన 1986 నుంచి కువైట్‌లో ఒక అరబ్బు ఇంట్లో డ్రైవర్. ఆయన పంపే డ్రాఫ్టులతో 1990 వేసవిలో మిద్దె మొదలుపెట్టాం. గోడలు లింటల్ దాకా లేచాయి. ఆగస్టు 2న ఇరాక్ అధ్యక్షుడు సద్దాం హుస్సేన్ సైన్యం కువైట్‌లో దిగింది. డ్రాఫ్టు ఆగింది, ఉత్తరం ఆగింది, మూడో వారానికి బేల్దారి మేస్త్రీ కూడా రావడం మానేశాడు.

సెప్టెంబర్ చివర్లో ఒక రాత్రి నాయన వచ్చాడు. బస్సులో బాగ్దాద్ మీదుగా జోర్డాన్, అక్కడ ఎడారి గుడారాల్లో పద్దెనిమిది రోజులు, అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానంలో బొంబాయి, ఆ తర్వాత మద్రాసు రైలు. అలా దాదాపు 1,70,000 మంది మనవాళ్ళను తెచ్చారు. ఇంట్లోకి రాగానే బనియన్‌కు లోపల కుట్టుకున్న సంచీ విప్పి 340 దినార్లు అమ్మ చేతిలో పెట్టాడు. యుద్ధానికి ముందు దినారు అరవై రూపాయల దాకా పలికేది. అంటే ఇరవై వేలు! అమ్మ కళ్ళకద్దుకుంది.

"అవి చెల్లవు" అన్నాడు నాయన.

సద్దాం కువైట్ దినారును రద్దు చేశాడట. బొంబాయిలో అడిగితే తీసుకునేవాడే లేడట. "మరి ఇంత దూరం ఎందుకు మోసుకొచ్చినట్టు?" అంది అమ్మ. "పారేయడానికి చేతులు రాలేదే" అన్నాడు. తర్వాత కువైట్ వాళ్ళే కొత్త నోట్లు తెచ్చి పాతవాటిని పక్కన పెట్టారు. ఆ కట్ట ఇప్పటికీ మా ట్రంకుపెట్టెలో ఉంది.

వీసా కోసం ఏజెంటుకు కట్టడానికి చేసిన అప్పు తీరకముందే నూటికి మూడు రూపాయల వడ్డీతో ఇంకో అప్పు. అమ్మ గాజులు కుదవకు పోయాయి. అంతకుముందు సెంటు సీసాల కోసం, టైగర్ బామ్ కోసం మా గుమ్మంలో కూర్చున్నవాళ్ళే నాయన కనబడితే "కోయిట్ సేటు" అని నవ్వేవాళ్ళు. అందులో ఒకాయనతో నేను ఇవాళ్టికీ మాట్లాడను. చిన్న విషయమే, కానీ మాట్లాడను.

1991 జులైలో రిజర్వు బ్యాంకు 47 టన్నుల బంగారాన్ని తాకట్టు కోసం విదేశాలకు పంపితే దేశానికే అవమానమని పేపర్ల నిండా రాశారు. మా అమ్మ గాజులు అప్పటికే ఎనిమిది నెలలుగా కుదవలో ఉన్నాయి, ఆ వార్త ఎవరూ రాయలేదు. చమురు ధర ఎగబాకింది, గల్ఫ్ డబ్బు ఆగింది. దేశం దివాలా అంచుకు పోవడానికి సగం కారణం ఆ యుద్ధమే. అంతా దుబారా వల్లే, పాత అప్పుల వల్లే అని పెద్దలు అంటారు గానీ నేను ఒప్పుకోను. ఇప్పుడు వాట్సాప్‌లో యుద్ధం రావాలని ఎగిరేవాళ్ళలో ఎంతమందికి ఇంట్లో గల్ఫ్ సంపాదన ఉందో అడగాలనిపిస్తుంది.

మా మిద్దెకు స్లాబ్ పడింది 1998లో. అప్పటిదాకా లోపల మేకల్ని కట్టేసేవాళ్ళం. కువైట్ వదిలి రావలసి వచ్చినవాళ్ళకు ఐక్యరాజ్యసమితి పరిహారం ఇచ్చింది. ఒంటరి మనిషికి కనీసం 2,500 డాలర్లు. ఫారాలు నింపిపెట్టిన మనిషి తన వాటా కోసుకున్నాక మిగిలిన దాంతోనే స్లాబ్ వేశాం.

ఆ డబ్బు ఎక్కడిదో నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఇరాక్ అమ్ముకునే చమురు రాబడిలో కోసి ఇచ్చిందట. ఆంక్షల వల్ల అక్కడి పిల్లలకు మందులు దొరకని రోజులవి. మొత్తం 5,200 కోట్ల డాలర్లకు పైగా కట్టి, 2022లో గానీ ఇరాక్ ఆ బాకీ నుంచి బయటపడలేదు.

నాయనకు ఈ సంగతి చెబితే కాసేపు ఏమీ అనలేదు. బాగ్దాద్ దారిలో బస్సు ఆగినప్పుడు ఒక ఇరాకీ ముసలామె కిటికీలోంచి ఖుబ్బూస్ రొట్టెలు అందించిందని, డబ్బిస్తే తీసుకోలేదని మాత్రం చెప్పాడు.