కొత్త గిటార్ ట్యూన్ చేసినా అపశ్రుతేనా? ముందు 12వ ఫ్రెట్ చూడండి

ప్రశ్న: హనుమకొండలో బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఈ మధ్యే ఆన్‌లైన్‌లో అకౌస్టిక్ గిటార్ తెప్పించుకున్నాను. ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టుకుని ఆరు తీగలూ సరిగ్గా శ్రుతి చేస్తున్నాను. అయినా ఇ మేజర్ కార్డ్ (ఒకేసారి కలిపి మోగించే స్వరాలు) కొడితే ఏదో తేడాగా ఉంటోంది. మెడ మీది అడ్డ లోహపు పట్టీల్లో, అంటే ఫ్రెట్లలో, పైవాటికి వెళ్తే మరీ ఘోరం. తప్పు యాప్‌దా, గిటార్‌దా, నా చెవిదా? తిరిగి పంపడానికి ఇంకా మూడు రోజులే గడువుంది. టెన్షన్‌గా ఉంది.

జవాబు: మూడు రోజులు ధారాళంగా సరిపోతాయి. పరీక్షకు అరగంట చాలు. అయితే అది అయ్యేదాకా గిటార్‌లో ఏ స్క్రూనూ తిప్పకండి, దేన్నీ అరగదీయకండి. మెడ లోపలి ట్రస్ రాడ్‌ను అలెన్ కీతో తిప్పితే శ్రుతి కుదురుతుందని కొన్ని వీడియోల్లో చెబుతుంటారు. అది మెడ వంపును సరిచేయడానికి పెట్టింది. మీరు కదిపాక షాపువాడు వాపసు తీసుకోకపోవచ్చు కూడా.

యాప్ తప్పేమీ ఉండకపోవచ్చు. ఏమీ నొక్కకుండా మీటిన తీగ స్వరం సరిగ్గా ఉందా లేదా అన్నంతవరకే అది చెబుతుంది. ఫ్రెట్ మీద నొక్కినప్పుడు కూడా స్వరం నిలబడుతుందా అన్నది వేరే సంగతి. దాన్నే ఇంటొనేషన్ అంటారు. 12వ ఫ్రెట్ తీగ పొడవుకు సరిగ్గా సగంలో ఉంటుంది కాబట్టి అక్కడ నొక్కితే పై స్థాయిలో అదే స్వరం రావాలి. కానీ నొక్కగానే తీగ కాస్త సాగి, బిగువు పెరిగి, స్వరం పైకి జరుగుతుంది. అందుకే గిటార్ పొట్ట మీద తీగలు బిగించే బ్రిడ్జ్ మీది తెల్ల పట్టీని, అంటే శాడిల్‌ను, ఏటవాలుగా అమర్చి లావు తీగలకు కొంచెం ఎక్కువ పొడవు ఇస్తారు. చవక గిటార్లలో లెక్క తప్పేది ఎక్కువగా ఇక్కడే.

యాప్‌ను ముందు క్రోమాటిక్ మోడ్‌లో, అంటే 12 స్వరాలనూ చూపే మోడ్‌లో పెట్టండి. మామూలు గిటార్ మోడ్ ఆ ఆరు స్వరాలనే వెతుకుతుంది, ఈ పరీక్షకు పనికిరాదు. ఎ స్వరం 440 హెర్ట్జ్ మీద ఉందో లేదో చూసుకోండి. తీగలు కొత్తవైతే ఒక్కోదాన్నీ వేలితో మెల్లగా పైకి లాగి వదులుతూ, సాగడం ఆగేదాకా మళ్లీ మళ్లీ శ్రుతి చేయండి. గిటార్‌ను వాయించే భంగిమలోనే పట్టుకోండి. ఇప్పుడు ఒక్కో తీగను ఊరికే మీటి ముల్లును సున్నా మీదకు తెచ్చి, అదే తీగను 12వ ఫ్రెట్‌కు ఆనుకుని, స్వరం పలికేంత మాత్రమే నొక్కి మీటండి. ముల్లు ఎన్ని సెంట్లు జరిగిందో రాసుకోండి. పక్కపక్క ఫ్రెట్ల మధ్య తేడాను 100 సెంట్లుగా లెక్కిస్తారు. రెండు మూడు సెంట్లు అటూ ఇటూ అయితే పట్టించుకోకండి.

అన్ని తీగలూ 10 సెంట్లకు మించి పైకి పోతున్నాయంటే, తీగలు మరీ ఎత్తులో ఉన్నాయేమో స్కేలుతో కొలవండి. 12వ ఫ్రెట్ పైనుంచి లావు తీగ అడుగుకు రెండున్నర మిల్లీమీటర్ల దాకా మామూలే. మూడున్నర దాటితే ఎక్కువే. ఎత్తు మామూలుగానే ఉండి కూడా 10 సెంట్ల తేడా వస్తోందంటే వాపసు పంపేయండి. ఎందుకంటే సుమారు 648 మిల్లీమీటర్ల తీగకు శాడిల్‌ను ఒక మిల్లీమీటర్ వెనక్కి జరిపితే 12వ ఫ్రెట్ దగ్గర తగ్గేది సుమారు 2.7 సెంట్లే. 10 సెంట్లు తగ్గాలంటే దాదాపు నాలుగు మిల్లీమీటర్లు జరపాలి. శాడిల్ మందమే మూడు మిల్లీమీటర్లంటే అరగదీయడానికి చోటెక్కడుంది?

ఒకటి రెండు తీగలే తేడాగా ఉంటే తప్పు తీగలదే కావచ్చు. మంచి సెట్ కొని మార్చి చూడండి. శాడిల్ మీద బి తీగకు వెనక్కి గాడి ఉంటే, ఆ గాడి సౌండ్ హోల్ వైపు తిరిగి లేదు కదా అని చూడండి. తిరగేసి బిగించిన శాడిల్‌ను సరిగ్గా పెడితే పైసా ఖర్చు లేకుండా సమస్య తీరుతుంది.

12వ ఫ్రెట్ బాగుండి మొదటి మూడు ఫ్రెట్లలోనే స్వరం పైకి పోతుంటే దోషం నట్‌ది, అంటే గిటార్ తల దగ్గర తీగలు ఆనే గాళ్ల పట్టీది. తీగను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి, మొదటి ఫ్రెట్ మీద ఖాళీ చూడండి. తీగ ఫ్రెట్‌ను తాకీ తాకనట్టుండాలి. విజిటింగ్ కార్డు సులువుగా దూరితే నట్ ఎత్తు ఎక్కువ. మొదటి ఫ్రెట్‌కు కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్) పెట్టి, మళ్లీ శ్రుతి చేసి, ఇ మేజర్ లాంటి కార్డ్‌లే కొట్టి చూస్తే ఇంకా తేలిగ్గా తెలుస్తుంది. కాపోతో చక్కగా పలికితే ఇక అనుమానం అక్కర్లేదు. దీనికి వాపసు అవసరం లేదు. వరంగల్, హనుమకొండ మ్యూజిక్ షాపుల్లో సెటప్ చేసేవాళ్లు ఉన్నారేమో కనుక్కోండి. నట్ కోసం సన్న ఆకురాళ్లు ఉన్నాయా అని ముందే అడగండి, లేవంటే ఇవ్వకండి. ఒకసారి ఎక్కువ అరిగితే మళ్లీ కొత్త నట్టే.

ఇక మీ చెవి విషయం. దాన్ని అనుమానించకండి. తంబురా నాదంలో వినిపించే అంతర గాంధారం షడ్జంతో 5:4 నిష్పత్తిలో ఉంటుంది. గిటార్ ఫ్రెట్లను మాత్రం 12 సమాన భాగాల లెక్కతో వేస్తారు. ఆ లెక్కలో అదే గాంధారం దాదాపు 14 సెంట్లు పైన పడుతుంది. ఇ మేజర్‌లో జి తీగ మొదటి ఫ్రెట్ మీద పలికేది ఆ గాంధారమే. ఎంత ఖరీదైన గిటార్‌లోనైనా ఇంతే, ఇప్పటి హార్మోనియంలోనూ ఇంతే. ఆ కార్డ్ కమ్మగా ఉండాలని జి తీగను దించారో, జి మేజర్ పాడవుతుంది. కొత్తవాళ్లు తీగను గట్టిగా అదిమి, తెలియకుండానే పక్కకు లాగేస్తారు కూడా. దాంతో ఇంకొన్ని సెంట్లు పెరుగుతాయి.

ప్రశ్న: కాజీపేటలో చర్చి క్వయర్‌లో గిటార్ వాయిస్తాను. అందరూ పాడుతుంటే ఫోన్ ట్యూనర్ ముల్లు నిలవదు. ఏం చేయాలి?

జవాబు: ఫోన్ మైక్ చుట్టూ ఉన్న గోలనంతా వింటుంది. గిటార్ తలకు తగిలించే క్లిప్ ట్యూనర్ కొనండి. అది కర్రలోని కంపనాన్నే పట్టుకుంటుంది, పక్కన డోలు మోగుతున్నా పనిచేస్తుంది. క్వయర్‌లో కీబోర్డ్ ఉంటే దాని స్వరానికే ట్యూనర్‌ను సెట్ చేసుకోండి.

ప్రశ్న: మంచిర్యాల నుంచి రాస్తున్నాను. గిటార్ వేసవిలో ఒక రకంగా, వానాకాలంలో ఒక రకంగా పలుకుతోంది. పాడైందా?

జవాబు: పాడవలేదు. మన దగ్గర మే నెల ఎండలకు కర్ర ఎండి కుంచించుకుంటుంది, జులై తేమకు ఉబ్బుతుంది. ఉబ్బినప్పుడు తీగల ఎత్తు పెరిగి ఇంటొనేషన్ కూడా మారుతుంది. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే గిటార్‌కు మంచిది. తేమను కొలిచే చిన్న హైగ్రోమీటర్ కొని కేసులో పెట్టుకోండి. కూలర్ ఎదురుగా, గోడ మేకుకు మాత్రం వేలాడదీయకండి. ఎండలో నిలిపిన కారులో అసలే వదలకండి, జిగురు మెత్తబడి బ్రిడ్జ్ లేచిపోతుంది.