పొదుగు వాపు: పాలలో తెల్లకణాలను అణచే మందు వాడొచ్చా?

సందేహం: మా జెర్సీ సంకరజాతి ఆవుకు ఈనిన పన్నెండో రోజున కుడి వెనుక చనుకట్టు వైపు పొదుగు గట్టిపడి వేడెక్కింది. పాలు నీళ్లలా, పెళ్లలతో వచ్చాయి. ఇంజెక్షన్లు వేయిస్తే వాపు తగ్గింది. నెల దాటినా పాలు పూటకు లీటరు తక్కువే, కాస్త ఉప్పగా ఉంటున్నాయి. పరీక్షలో సొమాటిక్ కణాలు (పాలలో కలిసే శరీర కణాలు, ఎక్కువగా తెల్లకణాలు) ఎక్కువన్నారు. వాపు కీమోకైన్ల వల్లేనట కదా, వాటిని తగ్గించే మందు వాడొచ్చా?
– పాడి రైతు, ఆనందపురం మండలం, విశాఖపట్నం జిల్లా

జవాబు: వద్దు. కీమోకైన్ అంటే పొదుగు సాయం కోసం వేసే కేక. చనురంధ్రం గుండా బ్యాక్టీరియా చేరగానే పొదుగు లోపలి పొర కణాలు, అక్కడే కాపుండే మాక్రోఫేజ్ కణాలు ఇంటర్‌ల్యూకిన్-8 అనే చిన్న ప్రోటీన్‌ను వదులుతాయి; ఇదీ ఒక కీమోకైనే. అది ఎటు చిక్కగా ఉంటే అటు రక్తంలోని న్యూట్రోఫిల్ తెల్లకణాలు నాళం గోడ దాటి పాలలోకి దిగుతాయి. మంచి ఆవు పాలలో మిల్లీలీటరుకు సొమాటిక్ కణాలు లక్ష లోపే ఉంటాయి. 2 లక్షలు దాటితే సూక్ష్మజీవి ఉందని అనుమానించాలి.

ఈ సైన్యం వల్ల నష్టమూ ఉంది. సూక్ష్మజీవులను చంపే ఎంజైములే పాలిచ్చే కణాలనూ దెబ్బతీస్తాయి. కణాల మధ్య అతుకులు సడలి రక్తంలోని సోడియం, క్లోరైడ్ పాలలోకి వస్తాయి. మీరు చెప్పిన ఉప్పదనం అదే.

అసలు చూడాల్సింది కేక ఎంత గట్టిగా పడిందన్నది. ఇ.కోలి అనే బ్యాక్టీరియా సోకితే కొన్ని గంటల్లోనే ఇంటర్‌ల్యూకిన్-8 ఉప్పెనలా వస్తుంది. జ్వరం, వాపు, నీళ్ల పాలు కనిపిస్తాయి. స్టాఫిలోకాకస్ ఆరియస్ (స్టాఫ్) అనే బ్యాక్టీరియా అయితే ఆ కేక చాలా బలహీనం. అది కణాల్లో, చిన్న చీముగడ్డల్లో దాక్కుని నెలల తరబడి నిలుస్తుంది. వాపు తగ్గి కణాలు తగ్గలేదంటే నాకు ముందు దీని మీదే అనుమానం. ఇప్పుడు కేకను నొక్కితే దాక్కున్నదానికే మేలు.

డెక్సామెథజోన్ అనే స్టెరాయిడ్ మందును సొంతంగా అసలు వేయించకండి. తెల్లకణాలు నాళం గోడకు అంటుకునే శక్తిని అది తగ్గిస్తుంది. నిండుచూడి పశువైతే ఈచుకుపోవచ్చు కూడా. నొప్పి, జ్వరం ఉంటే మెలాక్సికామ్ (కిలో బరువుకు 0.5 మి.గ్రా.) పశువైద్యుని సలహాతో వేయించవచ్చు. అది ప్రధానంగా నొప్పి, జ్వరం పుట్టించే ప్రోస్టాగ్లాండిన్లను తగ్గిస్తుంది.

ఏ చనుకట్టులో ఉందో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. 100 మి.లీ. నీటిలో 3 గ్రాముల బట్టల సబ్బుపొడి కలపండి. నాలుగు గిన్నెల్లో నాలుగు చనుకట్ల పాలు విడివిడిగా 3 మి.లీ. చొప్పున తీసి, అంతే ద్రావణం పోసి తిప్పండి. కణాల్లోని డీఎన్‌ఏ వల్ల జిగురుగా చిక్కబడితే ఆ చనుకట్టు చెడినట్టే. ఈనిన మొదటి వారంలో, పాలు ఎండగట్టే ముందు ఈ పరీక్ష నమ్మొద్దు.

చిక్కబడినదాని పాలను మందులు మొదలుపెట్టకముందే కల్చర్‌కు (సూక్ష్మజీవిని పెంచి గుర్తించే పరీక్షకు) పంపండి. చనుమొనను స్పిరిట్ దూదితో తుడిచి, మొదటి ధారలు వదిలేసి, శుభ్రమైన సీసాలో 5–10 మి.లీ. పట్టి, మంచులో పెట్టి అదే రోజు ల్యాబుకు చేర్చాలి. స్టాఫ్ ఒకసారి దొరక్కపోయినా లేదని కాదు, విడతలుగా బయటపడుతుంది, మళ్లీ పంపండి.

ఫలితం వచ్చేదాకా ఈ ఆవును చివర పితకండి, ఆ చనుకట్టును అన్నిటికన్నా చివర. ఆ పాలు దూడకు పట్టొద్దు, నేల మీద పొయ్యొద్దు. పితికాక 0.5 శాతం అయోడిన్ ద్రావణంలో నాలుగు చనుకట్లూ ముంచి, మేత వేసి అరగంట నిలబెట్టండి. అప్పటికి చనురంధ్రం మూసుకుంటుంది. మన తీరపు ఉక్కలో, వానకు తడిసిన పాకలో ఇది తప్పనిసరి.

స్టాఫ్ తేలి, మందుకు లొంగకపోతే ఈ ఈతలో ఆ చనుకట్టుతో పోరాడకండి. వట్టిపోయే సమయంలో సెన్సిటివిటీ రిపోర్టు (ఏ మందుకు సూక్ష్మజీవి లొంగుతుందో చెప్పేది) చూసి, ఎక్కువ కాలం పనిచేసే యాంటీబయాటిక్ ట్యూబు నాలుగింటికీ ఎక్కించాలి.