రెండో పేపర్ రాసే ముందు

తల్లీ,

ఇంగ్లండ్ బడుల్లో పదహారేళ్లప్పుడు రాసే జీసీఎస్ఈ పరీక్షలో ఇంగ్లీష్ రెండో పేపర్ అంటే టెన్షన్‌గా ఉందని రాశావు. కథలు రాసే పిల్లవి కదా, రాసేవాళ్లు మాట్లాడుకునే తీరులోనే చెబుతాను.

మీ ఏక్యూఏ (పరీక్ష పెట్టే బోర్డు) పేపర్‌కు గంటా 45 నిమిషాలు, 80 మార్కులు. అందులో 40, ఒక విషయం మీద నీ అభిప్రాయం రాయమనే చివరి ప్రశ్నవే. కాబట్టి చదివే భాగం గంటలో ముగించి, మిగతా 45 నిమిషాలు దానికే ఉంచుకో.

చదవడానికి ఇచ్చే రెండు భాగాల్లో ఒకటి పంతొమ్మిదో శతాబ్దంది. ఆ పాత ఇంగ్లీష్ చూసి బెదరకు. ఉదాహరణకు, హెన్రీ మేహ్యూ అనే విలేకరి 1850 ప్రాంతంలో లండన్ వీధుల్లో పొట్టపోసుకునే వాళ్లను కలిసి, వాళ్ల బతుకుల గురించి రాశాడు. వాళ్లలో ఆకుకూర అమ్ముకునే ఎనిమిదేళ్ల పిల్ల ఒకతె. చిన్నపిల్లే కదా అని ఆయన బొమ్మల గురించి, పార్కుల గురించి అడుగుతాడు. పార్కులు ఎక్కడుంటాయో ఆ పిల్లకు తెలియదు. తను ఆకుకూర కొనేచోట చిన్న కట్ట అంటగట్టబోతే వద్దని పక్క గంప దగ్గరికి వెళ్లిపోవడం మాత్రం బాగా తెలుసు. ఆ మాటలు వింటూ ఆయన అభిప్రాయం ఎలా మారిందో గమనించు. తనకు బాధ కలిగిందని ఆయన కూడా రాశాడు గానీ, మన మనసుకు తగిలేది ఆ పిల్ల మాటలే. రెండు భాగాలను పోల్చమనే 16 మార్కుల ప్రశ్నలో నువ్వు పట్టుకోవాల్సింది ఇదే: రాసినాయన ఏమనుకుంటున్నాడు, మనకూ అలాగే అనిపించేలా ఏం చేశాడు.

నువ్వు రాసేటప్పుడూ ఇంతే. బడిలో ఫోన్లు పూర్తిగా నిషేధించాలా అని అడిగారనుకో. చాలామంది జవాబు ఆశించని ప్రశ్నలు నాలుగు గుప్పించి, ‘నూటికి తొంభై మంది’ అని లెక్కలు కల్పిస్తారు. అలాంటి రాత నాకు నచ్చదు, దాంతో ఎవరి మనసూ మారదు. చదివేది మీ హెడ్ టీచరే అనుకుని, ఆవిడకు ఉత్తరంలా రాయి. ఆవిడ భయం ఏమిటి? క్లాసులో పిల్లల ధ్యాస చెదురుతుందని. అది నిజమేనని ముందు ఒప్పుకో. ఆ తర్వాత డిసెంబర్‌లో నాలుగింటికే చీకటి పడితే, రెండు బస్సులు మారి ఒంటరిగా ఇంటికి వెళ్లే అమ్మాయిని ఆవిడ ముందు నిలబెట్టు. ఒక్క మనిషి కళ్లకు కట్టిందంటే వాదానికి బలం అక్కడే వస్తుంది.

ఆ 40లో 16 మార్కులు స్పెల్లింగ్‌కు, విరామ చిహ్నాలకు, వాక్య నిర్మాణానికి. చివరి ఐదు నిమిషాలు కొత్తగా ఏమీ రాయకుండా, రాసింది చదువుకో. ఇంట్లో తెలుగు మాట్లాడే మన పిల్లలకు ‘ఎ’, ‘ది’ జారిపోతుంటాయి. కామా పెట్టి రెండు వాక్యాలు కలిపేసే అలవాటు నీ కథల్లోనూ చూశాను.

ఆ ఫోన్ల ఉత్తరం గడియారం పెట్టుకుని రాసి ఆదివారం లోపు పంపు. ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చుంటాను.

మీ పెదనాన్న