ఫోను, లాప్‌టాప్ ఒకే గదిలో ఉన్నా సింక్ కావడం లేదా?

అమెరికాకి కొత్తగా వచ్చినవాళ్ళు చాలామంది ఇదే అడుగుతుంటారు: “హైదరాబాద్‌లో ఉన్నప్పుడు ఐఫోను వైఫైలోనే లాప్‌టాప్‌తో సింక్ అయ్యేది. ఇక్కడ అపార్ట్‌మెంట్‌లో దిగాక అసలు కనిపించడమే మానేసింది. ఫోను రీసెట్ చేసేయనా?”

దయచేసి ఆ పని చేయకండి. ఇంటివాళ్ళ ఫొటోలు, వీసా కాగితాల స్కాన్లు అన్నీ అందులోనే ఉంటాయి. పైగా చాలాసార్లు తప్పు ఫోనుదీ కాదు, లాప్‌టాప్‌దీ కాదు. మధ్యలో ఉన్న వైఫైది.

మన ఇంట్లో మనం పెట్టించుకున్న రౌటర్ అయితే మామూలుగా దాని మీద ఉన్నవన్నీ ఒకదానికొకటి కనిపిస్తాయి. అద్దెతో కలిపి ఇచ్చే వైఫై, యూనివర్సిటీ వైఫై, రూమ్మేట్ ఇచ్చిన గెస్ట్ వైఫై తరచుగా అలా ఉండవు. పక్క ఫ్లాట్‌వాళ్ళు మీ లాప్‌టాప్‌లోకి తొంగి చూడకుండా అడ్డు పెట్టి ఉంచుతారు. ఆ అడ్డు మీ ఫోనుకీ వర్తిస్తుంది. అందుకే యూట్యూబ్ చక్కగా వస్తుంది, సింక్ మాత్రం కాదు.

ముందు ఒకటి చూడండి. ఫోను సెట్టింగ్స్‌లో వైఫై పేరు పక్కనున్న గుర్తు నొక్కితే ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఆ ఫోనుకిచ్చిన నంబరు) కనిపిస్తుంది. లాప్‌టాప్‌లో వైఫై ప్రాపర్టీస్‌లో దానిదీ ఉంటుంది. ఒకటి 192.168.1.23, ఇంకొకటి 192.168.0.14 అని ఉందనుకోండి. చుక్కల మధ్య మూడో సంఖ్య (1, 0) కలవలేదు కదా, అంటే మామూలుగా రెండూ వేర్వేరు నెట్‌వర్కుల్లో ఉన్నట్టే. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన డబ్బాకి మీరు ఇంకో రౌటర్ తగిలిస్తే ఇలా అవుతుంది. ఫోనునీ లాప్‌టాప్‌నీ ఒకే వైఫైకి మార్చండి, లేదా కొత్త రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (అంటే వేరే నెట్‌వర్క్ పెట్టకుండా పాతదాన్నే అందించేలా) పెట్టండి.

విండోస్ 11లో అదే వైఫై ప్రాపర్టీస్ పేజీలో పబ్లిక్, ప్రైవేట్ అని రెండు ఆప్షన్లుంటాయి. పబ్లిక్‌లో ఉంటే లాప్‌టాప్ మిగతావాటికి కనపడదు. మీ సొంత రౌటర్ అయితేనే ప్రైవేట్‌కి మార్చండి. అందరూ వాడే వైఫైలో పబ్లిక్‌లోనే ఉండనివ్వండి, సింక్ కోసం భద్రత వదులుకోవద్దు.

వీపీఎన్ (ఇంటర్నెట్‌ని వేరే సర్వర్ మీదుగా పంపే యాప్) ఆన్‌లో ఉంటే ఆపి చూడండి. ఆఫీసు లాప్‌టాప్‌తో మాత్రం సొంత ఫోను సింక్ చేయకండి. ఉద్యోగం మీద, వీసా మీద ఉన్నవాళ్ళకి ఆ టెన్షన్ అనవసరం.

ఐఫోనుని మొదటిసారి కేబుల్‌తోనే కలపాలి. మ్యాక్‌లో ఫైండర్, విండోస్‌లో ఆపిల్ డివైసెస్ యాప్ (లేదా ఐట్యూన్స్) తెరిచి, వైఫైలో సింక్ చేయమనే చోట టిక్ పెట్టి అప్లై కొట్టాలి. ఆ తర్వాత ఫోను ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు దానంతట అదే సింక్ అవుతుంది. వేరే యాప్ ఏదైనా వాడుతుంటే, ఐఫోను ప్రైవసీ సెట్టింగ్స్‌లో లోకల్ నెట్‌వర్క్ అనుమతి ఇచ్చారో లేదో చూడండి. 2020లో ఐఓఎస్ 14తో వచ్చిన ఈ అనుమతిని మొదటిసారి అడిగినప్పుడు చాలామంది కాదని నొక్కేస్తారు.

అపార్ట్‌మెంట్ వైఫైలో అడ్డు తీయించడం మీ చేతిలో లేకపోతే, విండోస్ లాప్‌టాప్‌లో మొబైల్ హాట్‌స్పాట్ ఆన్ చేసి ఫోనుని దానికి కలిపి చూడండి. సొంత రౌటర్ కొనేముందు లీజింగ్ ఆఫీసులో అడగండి. కొన్ని యూనివర్సిటీ హాస్టళ్ళలో సొంత రౌటర్ పెట్టనివ్వరు. ఫోను నిండా ఫొటోలుంటే మొదటి బ్యాకప్ మాత్రం కేబుల్‌తోనే తీసుకోండి, చాలా తొందరగా అయిపోతుంది.