2018 మోడల్ స్విఫ్ట్ 14 అంగుళాల చక్రాలకు బదులు 16 అంగుళాలవి బిగించవచ్చా?

బిగించవచ్చు, కానీ ముందుగా చూడవలసింది రిమ్ము కొలతను కాదు, టైరుతో కలిపి చక్రం మొత్తం వ్యాసాన్ని. 165/80 ఆర్14 టైరుతో (165 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 80 అంటే ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు శాతం, 14 అంటే రిమ్ము వ్యాసం అంగుళాల్లో) అది సుమారు 620 మిల్లీమీటర్లు. 185/65 ఆర్15, 195/55 ఆర్16 టైర్లతోనూ దాదాపు అంతే వస్తుంది కనుక స్పీడోమీటరు చూపే వేగంలో చెప్పుకోదగ్గ తేడా రాదు. అయితే 16కు వెళితే టైరు పక్కగోడ ఎత్తు 132 నుంచి 107 మిల్లీమీటర్లకు తగ్గిపోయి, మన రోడ్ల మీది గుంతల్లో దెబ్బ నేరుగా రిమ్ముకే తగిలే ప్రమాదం పెరుగుతుంది; చక్రం బరువెక్కితే పికప్పు, మైలేజీ కూడా కొంత తగ్గుతాయి. కేవలం అందం కోసమైతే 15 దగ్గర ఆగడమే మేలని నా అభిప్రాయం (పై వేరియంటుకు కంపెనీ ఇచ్చిన సైజూ అదే). రిమ్ము ఆఫ్‌సెట్ (రిమ్ము మధ్య గీతకూ, అది హబ్బుకు ఆనే తలానికీ మధ్య దూరం) సరిపోకపోతే స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు టైరు ఫెండరు (చక్రం పైనుండే బాడీ భాగం) లోపలి భాగానికి రాసుకుంటుంది. కొత్త టైరు లోడ్ ఇండెక్సు (టైరు ఎంత బరువు మోయగలదో తెలిపే అంకె) పాతదానికంటే తక్కువ ఉండకూడదు.