గుణుపురం వైపు కోళ్ల ఫారం, గేదెల షెడ్డు కడుతుంటే కాలుష్య మండలి అనుమతి కావాలా?

ఒడిశాలోని గుణుపురం దగ్గర 6,000 కోళ్ల ఫారం, 20 గేదెల షెడ్డు కట్టాలనుకుంటున్నామని, పక్క వరి మళ్ల నీరు గెడ్డలో (వాగులో) కలుస్తుంది కాబట్టి దానికీ అనుమతి కావాలా అని అడిగారు. వరికి అక్కర్లేదు. కోళ్ల ఫారానికి తప్పకుండా కావాలి, గేదెల షెడ్డు సంగతీ అదే దరఖాస్తుతో తేల్చుకోండి. మాదీ వంశధార ఒడ్డే. మా పాడి షెడ్డు అనుమతి పని నేనే చూశాను.

పొలం నీటికి పర్మిట్ అక్కర్లేదని అమెరికాలో ఉన్న మీ బావగారు చెప్పింది అక్కడికి సరైనదే. పొలానికి పెట్టిన నీరు తిరిగి వాగులో కలిస్తే 1977 నుంచి అక్కడ పర్మిట్ అడగరు. 700 పాడి ఆవులున్న కొట్టాన్ని మాత్రం పెద్దదిగా లెక్కగట్టి, మురుగు వదిలితే పర్మిట్ తీసుకోమంటారు. మన దగ్గర ఆధారం 1974 నాటి జల చట్టం. దాని 25వ సెక్షన్ ప్రకారం మురుగునీరు వదిలే పని మొదలుపెట్టక ముందే రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి (మీరడిగిన అనుమతి ఇదే) ఉండాలి. కోళ్ల ఫారాలకు లక్ష కోళ్ల లోపు అయితే ఒకప్పుడు మినహాయింపు ఉండేది. 2020లో పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ తప్పుపట్టాక నిబంధన మారింది. 2023 జనవరి నుంచి 5,000 దాటితే సమ్మతి తీసుకోవాల్సిందే. ఊరికి 500 మీటర్లు, నదికీ కాలువకూ తాగునీటి బావికీ 100 మీటర్ల దూరం పాటించాలి.

మా షెడ్డు చూడడానికి వచ్చిన ఇంజనీరు ముందు కాగితాలు అడగలేదు. షెడ్డు వెనక్కి వెళ్లి, కడుగునీటి కాలువ ఎటు వాలుతోందో, ఎక్కడ ఆగుతోందో చివరిదాకా నడిచి చూశారు. ఆయన చూడాల్సింది సరిగ్గా అదే. గేదె రోజుకు 15 నుంచి 20 కిలోల పేడ వేస్తుంది, అంటే మీ షెడ్డులో 300 కిలోల పైమాటే. దాన్ని నీళ్లతో కొట్టేస్తే గెడ్డ పాలవుతుంది, నీటిలో ప్రాణవాయువు తరిగి చేపలు చస్తాయి. మేం ముందు పారతో పేడ ఎత్తి గోబర్ గ్యాస్ తొట్టిలో వేస్తాం, ఆ తర్వాతే నేల కడుగుతాం. ఆ నీరు రెండు గుంతల్లో తేరుకుని నేపియర్ గడ్డికి పారుతుంది. కోళ్ల పెంటకు మాత్రం పైకప్పు, ఎత్తైన గచ్చు తప్పనిసరి. ఆషాఢం వానకు తడిస్తే కుప్ప సగం నేలలోకి దిగిపోతుంది.

వేసవిలో దిగువ ఊళ్ల ఆడవాళ్లు వంశధార ఇసుకలో చెలమలు తవ్వి తాగునీరు తోడుకుంటారు. అదే నది శ్రీకాకుళం జిల్లాలోని గొట్టా బ్యారేజీ దాకా పోతుంది. అందుకే వరికి అనుమతి అక్కర్లేకపోయినా, యూరియా చల్లాక కొన్నాళ్లు నీరు బయటికి పోయే మడవ మూసి ఉంచమని మిమ్మల్ని వేడుకుంటున్నాను.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే వేయాలి. కట్టడానికి ఒక సమ్మతి, నడపడానికి మరొకటి. రసీదు భద్రంగా దాచుకోండి, నాలుగు నెలల్లో మండలి ఏదీ తేల్చకపోతే చట్టం ప్రకారం సమ్మతి ఇచ్చినట్టే లెక్క. నీటి వాలు గీసిన స్థలపటం పట్టుకుని, పునాది తీయకముందే మండలి వారి రాయగడ ప్రాంతీయ కార్యాలయానికి ఒకసారి వెళ్లి రండి.